నల్ల సైకిల్ మీది ఆకుపచ్చ స్టిక్కర్

కథ మొదలుపెట్టే ముందు ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఏడో ఏట, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నన్ను ఏమారుస్తాయి. ఎక్కడైనా తప్పు పడితే చదివేవాళ్లే సర్దుకోవాలి. నా చెయ్యి కూడా నిదానం. ఈ ఒక్క అధ్యాయానికి వానాకాలమంతా పట్టింది. ఇంతసేపు ఆపినందుకు మన్నించండి, ఇక లోపలికి రండి.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడూ నలభైకి మదన్‌మోహన్ 'సమద్ సైకిల్ వర్క్స్' గడప ముందు ఆగిపోయాడు. లోపల పని చాలా ఉంది, చేతిలో టైము లేదు. అయినా కాళ్లు మొరాయించాయి. ఆ గడప తొక్కి ముప్పై అయిదేళ్లు.

ఐదు రోజుల కిందట, ఆదివారం పొద్దున ఆరూ పదికి, చిరాగ్‌పల్లి దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే అఖిలేష్ అనే లెక్కల మాస్టారి సైకిల్ ఆయన కిందే విరిగిపోయింది. ఆయన అప్పటినుంచి హైదరాబాద్ ఆస్పత్రిలో కన్ను తెరవలేదు. అది మామూలు ఇనుప సైకిల్ కాదు. కార్బన్ నారను పొరలు పొరలుగా జిగురుతో అతికించి చేసినది, రెండు వేళ్లతో ఎత్తవచ్చు. పడడానికి రెండు రోజుల ముందు, శుక్రవారంనాడు, దాని సర్వీసింగ్ ఈ షాపులోనే జరిగింది. చేసింది సమద్ చాచా కూతురు హాజిరా.

"కేసు గీసు నాకెందుకన్నా? మా ఆయనకు గిట్ల చేసిందెవరో పేరు చెప్పు, చాలు" అని అఖిలేష్ భార్య ప్రణీత రోజూ సాయంత్రం ఫోన్ చేస్తోంది. ఆ పేరు కనుక్కుని చెబుతానని మదన్‌మోహన్ మాట ఇచ్చాడు. మాట ఇచ్చేటప్పుడు షాపు ఏదని అడగలేదు. అడిగి ఉంటే ఒప్పుకునేవాడా? అది తనకే తెలియదు.

"రా మదనన్నా, రా! డిటెక్టివ్ సాబ్ వస్తడని దుకాణం ఊడ్వనియ్యలే" అన్నాడు ఎస్సై శివరాజ్ లోపలినుంచి. కౌంటర్ మీద పంచనామా కాగితాలు పరిచి, పెన్ను చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్. అక్కడ వేలిముద్రలు చూసే పని మదన్‌ది, గొంతు లేపే పని శివరాజ్‌ది. మదన్ ఉద్యోగం మానేసినా వాళ్ల పోట్లాట మానలేదు.

"ఐదింటికి ఈమెను తీస్కపోత. గప్పటిదాకా నీ తమాషా నువ్వు చెయ్యి."

"ఏం సాక్ష్యముందని తీస్కపోతవు?"

"సాక్ష్యమెందుకన్నా? ఆమెనే ఒప్పుకున్నది."

మదన్‌మోహన్ అప్పుడు చూశాడు హాజిరాను. గోడవారగా నిలబడి ఉంది. దుపట్టా అంచు నడుముకు చెక్కుకుంది, వేళ్ల సందుల్లో గ్రీజు. జుట్టు నెరిసింది. కళ్లు మాత్రం అప్పటివే. ఆమె పక్కన స్టూలు మీద ఎనభై దాటిన అబ్దుల్ సమద్ వణుకుతున్న చేతులను తొడల కింద దాచుకుని కూర్చున్నాడు.

"ఏమని ఒప్పుకున్నవు హాజిరా?"

"హ్యాండిల్ నట్లు ఎక్కువ బిగిచ్చిన. కార్బన్ హ్యాండిల్, తట్టుకోలే. గంతే, సాబ్."

సాబ్. ఆ ఒక్క మాటతో ముప్పై అయిదేళ్లు వచ్చి ఇద్దరి మధ్య కూర్చున్నాయి.

మదన్ పోయి నేల మీద గోనెపట్టా పరిచి పెట్టిన నల్ల సైకిల్ ముందు కూర్చున్నాడు. రెండు చోట్ల విరిగింది. హ్యాండిల్ దాన్ని బిగించే పట్టుకు బెత్తెడు దూరంలో తెగింది. సీటునుంచి హ్యాండిల్ దాకా వచ్చే పై కడ్డీ, అందరూ డండా అనేది, నడిమికి రెండు ముక్కలైంది.

హ్యాండిల్ పట్టుకు నాలుగు చిన్న నట్లు. ప్రతి నట్టు మీదినుంచి పట్టు మీదికి వెంట్రుక మందాన ఎర్రగీత.

"ఇదేంది?"

"గోళ్లరంగు" అంది హాజిరా.

శివరాజ్ పగలబడి నవ్వాడు. "నట్లకు గూడ సింగారమా? ఇగ కాళ్లకు గోరింటాకు పెడ్తవా ఏంది?"

"బిగిచ్చినంక గీస్త సార్. అటెన్క ఎవలు తిప్పినా గీత పక్కకు జరుగుతది. మన చెయ్యి ఏదో, పరాయి చెయ్యి ఏదో తెలుస్తది."

"నాలుగు గీతలూ కలిసే ఉన్నయి" అన్నాడు మదన్. "అంటే నువ్వు బిగించినంక ఎవరూ ముట్టలేదు. మంచిది. ఎంతకు బిగించినవు?"

ఆమె ఒక క్షణం తడబడింది. "యాదికి లేదు."

గోడకు తగిలించిన కొలత పానాను ఆయన అందుకున్నాడు. పిడి మీద అంకెలున్నాయి. ఏ అంకె మీద పెడితే ఆ బిగువు రాగానే టిక్కుమని చెబుతుంది, చెయ్యి ఆపేయాలి. దాన్ని చివరగా పెట్టిన అంకె ఐదు. ఆయన ఏడు మీదికి తిప్పి ఒక నట్టుకు పెట్టాడు.

"ఏయ్! సాక్ష్యాన్ని తిప్పుతున్నవేంది?" శివరాజ్ లేచి నిలబడ్డాడు.

"ఒక్కటే. తక్కిన మూడు నీకే ఉంచుత. జర ఇటు చూడు. ఈ నట్టు పదికో పన్నెండుకో బిగిసి ఉంటే, ఏడు మీద పెట్టిన పానా కదపకుండనే టిక్కుమంటది. ఔనా?"

"అయితే?"

మదన్ మెల్లగా బలం పెట్టాడు. నట్టు గింజంత తిరిగింది. ఎర్రగీత రెండుగా విడింది. ఆ తర్వాతే పానా టిక్కుమంది.

"తిరిగింది శివరాజ్. దీని బిగువు ఏడుకు తక్కువనే. హాజిరా ఐదు మీద పెట్టి, టిక్కుమనంగనే చెయ్యి తీసింది. ఎప్పటి లెక్కనే. మరి ఈమె నీకెందుకు అబద్ధం చెప్పింది?"

"హ్యాండిల్ విరిగింది గదా!"

"పడ్డప్పుడు విరిగింది. చిరాగ్‌పల్లిల చాయ్ కొట్టు ఎల్లమ్మను పన్నెండింటికి కలిసిన. స్పీడ్ బ్రేకర్‌కు ఇరవై అడుగులల్ల ఆమె పొయ్యి. నువ్వు ఆమెను అడిగినవా?"

శివరాజ్ పంచనామా కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. అడగలేదన్నమాట.

ఎల్లమ్మ చెప్పింది మదన్‌కు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'ముందుగాల పటుక్కుమన్నది సారూ, ఎండిన జొన్నదంటు తొక్కినట్టు. సైకిల్ నడుముల కూలవడ్డది. అటెన్క ఆయన మొకం బోర్ల పడ్డడు, గప్పుడు ఇంకో సప్పుడు.' రెండు చప్పుళ్లు. మొదటిది డండా, రెండోది హ్యాండిల్.

"అయితే కంపెనీ మాలే ఖరాబు" అన్నాడు శివరాజ్ విసుగ్గా. "నాకు ఎవరైతే ఏందన్నా, ఒక పేరు కావాలె. మా బిడ్డ వర్షిత కార్బన్ సైకిల్ గూడ గదే శుక్కురం నాడు ఈడ్నే ఉండె. గది యాదికొస్తె నా ఒళ్లు మండుతది. మాస్టర్ పడ్డ తెల్లారే సంగారెడ్డికి తోలి నట్లన్నీ విప్పిచ్చి మళ్ల బిగిపిచ్చిన. మంచిగనే ఉన్నయన్నరు." జేబులో ఫోన్ మోగితే తీసి చూసి మెత్తబడ్డాడు. "సూడు, పేరు తీస్తెనే మెసేజ్. చిరాగ్‌పల్లి దాకా తొక్కి వస్తదట. కాలేజీ పోటీలున్నయి, ఆగదు."

టైము నాలుగూ పదిహేను.

మదన్‌మోహన్ డండా ముక్కలను దగ్గరకు చేర్చాడు. విరిగిన చోటుకు సరిగ్గా మీద ఒక ఆకుపచ్చ స్టిక్కర్ అంటించి ఉంది, అది కూడా చిరిగి రెండుగా ఉంది. వేలు దాని మీదికి పోయేసరికి వెనకనుంచి గొంతు వినిపించింది.

"మదన్. దాన్ని ముట్టుకోకు."

ఈసారి సాబ్ లేదు. ఆ పిలుపు కోసం ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఆయనకే తెలియదు. వచ్చిన పిలుపు మాత్రం ఆపమని.

ఆయన స్టిక్కర్‌ను చదివాడు. పైన 'సమద్ సైకిల్ టాక్సీ', కింద ఐదంకెల ఫోన్ నంబరు. ఐదంకెల నంబర్లు పోయి ఎంత కాలమైంది! షాపు ఇప్పటి స్టిక్కర్లు నీలంవి, తలుపు మీద ఉన్నాయి. ఈ ఆకుపచ్చది కిరాయి సైకిళ్ల నాటిది.

పంతొమ్మిదేళ్ల మదన్ ఆరు నెలలు ప్రతి సాయంత్రం ఇదే స్టిక్కర్ ఉన్న సైకిల్‌ను గంట కిరాయికి తీసుకున్నాడు. పోయేదెక్కడికీ లేదు. రైల్వే గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాడు. కౌంటర్‌లో హాజిరా పలక మీద టైము రాసేది. ఐదింటికి తీసుకుంటే ఆరూ ఐదుకు తెచ్చేవాడు, ఎప్పుడూ ఐదు నిమిషాలు లేటు. 'గడియారం అమ్ముకున్నవా?' అని ఆమె తిట్టేది. ఆ తిట్టు కోసమే లేటు. పోలీస్ ట్రైనింగుకు పోయేముందు ఒక మాట చెప్పాలనుకున్నాడు, వచ్చాక చెబుదాంలే అని పోయాడు. తొమ్మిది నెలలకు వచ్చేసరికి హాజిరా పెళ్లయి బీదర్ వెళ్లిపోయింది. భర్త పోయాక ఆమె తిరిగొచ్చిందని విన్నా, ఈ సందులోకి రాలేదు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకు డ్యూటీ అని చెప్పడం అలవాటైపోయింది.

"నువ్వు సైకిల్‌ను దేనికి పట్టిచ్చి పని చేస్తవు హాజిరా?" అని అడిగాడు.

ఆమె నిలువు స్టాండు చూపించింది. దాని దవడలకు మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. "సీటు గొట్టం పట్టిస్త. అది గూడ కార్బన్‌దైతే తీసేసి, ఈ అల్యూమినియం గొట్టం పెట్టి దాన్ని పట్టిస్త. డండాను ఎన్నడు పట్టియ్య. కార్బన్ డండా పై నుంచి వచ్చే బరువు మోస్తది గని పక్కలకెళ్లి పిసికితె ఓర్వది. గుడ్డు లెక్క."

"ఆ ముచ్చట నీకు తెలుసు. ఈ దుకాణంల తెల్వనిదెవరికి?"

స్టూలు మీది ముసలాయన తల ఇంకా కిందికి వంగింది.

షాపు వెనక మూల మందపాటి బల్ల, దాని మీద సామాను కదలకుండా నొక్కి పట్టే ఇనుప వైసు. వెడల్పాటి రెండు దవడలు, వాటికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. మదన్ భూతద్దం తీశాడు. రబ్బరులో నల్లరంగు పొట్టు ఇరుక్కుని ఉంది. పక్కనే ఒక ఎర్ర మరక. గోళ్లరంగు అనుకుని ముందుకు పోయాడు. ఆ పొరపాటు సంగతి కాసేపటికి వస్తుంది.

దవడల వెడల్పు కొలిచాడు. నాలుగు వేళ్లు, ఒక గోరు. స్టిక్కర్ పొడవు దానికంటే బెత్తెడు ఎక్కువ, కప్పడానికి సరిపోయేంత.

"ఇంక అరగంట" అన్నాడు శివరాజ్.

జేబులోనుంచి రూపాయి బిళ్ల తీసి మదన్ డండా మీద కొడుతూ వచ్చాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. స్టిక్కర్ దగ్గరికి రాగానే, లోపలి పొరలు విడిపోయినట్టు, డబ్.

హాజిరా వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. మెల్లగా, తండ్రికి వినిపించకుండా అంది. "నేను ఒప్పుకున్న గదా. ఇంకేం గావాలె నీకు? ఈ ఒక్కటి వదిలెయ్యి. జిందగీల నిన్ను ఏమన్న అడిగిన్నా?"

అడగలేదు. అడిగితే ఏమైనా ఇచ్చేవాడు. రోజూ సాయంత్రం ఫోన్‌లో వినిపించే ప్రణీత గొంతు మాత్రం చెవిలోనుంచి పోలేదు.

"నువ్వు అడిగినవు హాజిరా. ఆమె గూడ అడిగింది. ఆమెకు మాటిచ్చిన."

గోటితో స్టిక్కర్ అంచు లేపి లాగాడు. కింద రంగు మీద రెండు అడ్డగీతలు, వాటి మధ్య దూరం నాలుగు వేళ్లు, ఒక గోరు. కడ్డీ అవతలి వైపు కూడా అవే గీతలు. విరిగింది సరిగ్గా ఒక గీత వెంబడి.

"వైసుల పెట్టిన్రు" అన్నాడు మదన్. "ఇనుప సైకిల్‌కు పెట్టినట్టు."

"నేనే పెట్టిన" అంది హాజిరా గబుక్కున.

"బస్ బేటీ." ముసలాయన తొడల కిందినుంచి చేతులు బయటికి తీశాడు. "జూట్ మాట్లాడకు. నేనే పెట్టిన మదన్ బేటా."

శివరాజ్ పెన్ను చెవి మీదినుంచి జారింది.

"శుక్కురం నమాజుకు నా బిడ్డ ఇంటికి పోయింది. మోకాలు లేస్తలేదని నన్ను మసీదుకు తోలలే, ఈడ్నే కూసోవెట్టింది. ఒకటింబావు అయింది. ఎదురుంగ సైకిల్. రెండేండ్ల సంది బిడ్డ నా చేతికి పానా ఇస్తలేదు బేటా. పని కోసం చేతులు గుంజుతున్నయి. కడిగి గొలుసుకు నూనె పెడ్తనన్న, గంతే. కదులుతున్నదని డండాను వైసుల పట్టిచ్చిన. అరవై ఏండ్లు గట్లనే చేసిన. రబ్బరు చుట్టిన, గీత గూడ పడొద్దని." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "తీసి చూస్తె గీత పడ్డది. బిడ్డ తిడ్తదని నా డబ్బాలకెళ్లి పాత స్టిక్కర్ తీసి కప్పిన. లోపల విరిగిందని నాకేం ఎరుక? ఇనుమైతే వంగుతది, వంగి చెప్తది. ఇది చెప్పలే. ఏమీ చెప్పలే."

ఆయన మణికట్టు మీద హాజిరా చెయ్యి వేసింది. "శుక్కురం నేనొచ్చేసరికే బండ్లు తీస్కపోయిన్రు. ఆదివారం బండి చూడంగనే స్టిక్కర్ గుర్తువట్టిన. ఈ వయసుల అబ్బాను జైలుకు ఎట్ల తోలాలె మదన్? దుకాణం నాది. తాళం చెవి ఆయన దగ్గర ఇడిసిపెట్టి పోయింది నేను."

మదన్‌మోహన్ తల తిప్పుకున్నాడు. చూపు పోయి వైసు మీద పడింది. దవడల్లో నలుపు, పక్కన ఎరుపు.

గోళ్లరంగు నట్లకు పూసేది. ఆమె నట్లు బిగించేది స్టాండు దగ్గర, షాపు ముందర. వైసు దగ్గర కాదు.

"చాచా. ఆ దినం ఒక్కటే సైకిలా, రెండా?"

ముసలాయన వేళ్లు లెక్కపెట్టినట్టు కదిలాయి. "రెండు కడిగిన. నల్లది. అటెన్క ఎర్రది. ఎర్రదానికి గూడ గీత పడ్డది బేటా. దానికి గూడ స్టిక్కర్ పెట్టిన."

హాజిరా చెయ్యి నోటికి పోయింది. "ఎర్రది వర్షితది."

శివరాజ్ ఫోన్ తీసి నంబరు నొక్కాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ నొక్కాడు. "ఎత్తదు. తొక్కేటప్పుడు ఎత్తదు. నట్లన్నీ చూపిచ్చిన అన్నా! నట్లు మంచిగున్నయి!"

"నట్లు మంచిగనే ఉన్నయి. ఎన్నింటికి బయల్దేరింది?"

"నాలుగుంబావు."

గోడ గడియారంలో నాలుగూ నలభై. సైకిల్ మీద చిరాగ్‌పల్లికి అరగంట. జీపు ఎంత తోలినా స్పీడ్ బ్రేకర్ దగ్గరికి ముందు చేరేది ఆ పిల్లే. మదన్ తన ఫోన్ తీసి ఎల్లమ్మకు చేశాడు. రెండో రింగుకే ఎత్తింది.

"ఎల్లమ్మా, పన్నెండింటికి వచ్చిన మదన్‌మోహన్‌ను. పొయ్యి ఇడిసిపెట్టి రోడ్డు మీదికి ఉరుకు. ఎర్ర సైకిల్ మీద ఒక ఆడపిల్ల వస్తది. స్పీడ్ బ్రేకర్ ఎక్కనియ్యకు."

"ఎందుకు సారూ?"

"మాస్టర్ సైకిల్ లెక్కనే విరుగుతది."

ఇంకేమీ అడగలేదు ఎల్లమ్మ. స్పీకర్ పెట్టిన ఫోన్‌లో చెప్పుల చప్పుడు, లారీ హారన్, ఆమె ఆయాసం. షాపులో నలుగురూ ఆ చిన్న పెట్టె చుట్టూ వంగారు. ముసలాయన పెదవులు దువా చదువుతున్నాయి.

"అగో... వస్తున్నది. తల వంచుకోని తొక్కుతున్నది, నన్ను చూస్తలేదు." తర్వాత పొలాలు దద్దరిల్లే కేక. "ఓ బిడ్డా! ఆగు! ఆగే! దిగు!"

బ్రేకుల చప్పుడు. ఎవరిదో కోపపు గొంతు. తర్వాత ఎల్లమ్మ, "దిగింది సారూ. నన్ను తిడ్తున్నది. తిట్టనీ."

శివరాజ్ ఫోన్ లాక్కున్నాడు. "ఫోన్ పిల్లకియ్యమ్మా! వర్షితా, డాడీని. ఎక్కకు, నువ్వు మళ్ల ఎక్కకు. డండా మీద స్టిక్కర్ ఉన్నదా?"

"ఉంది డాడీ, ఆకుపచ్చది. పాత కాలంది లెక్క మంచిగుందని తీయలే. ఏమైంది? ఈమెవరు?"

"రూపాయి బిళ్లతో దాని మీద కొట్టు. సీటుకెళ్లి కొట్టుకుంట రా."

దూరంనుంచి వినిపించింది. ఠంగ్. ఠంగ్. డబ్.

"ఆడ్నే ఉండు, వస్తున్న" అని శివరాజ్ ఫోన్‌ను మదన్ చేతిలో పెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా పంచనామా కాగితాలు ముందుకు లాక్కున్నాడు. 'నిందితుల పేరు' అని ఉన్న చోట పెన్ను ఆగింది.

"నాది రాయి బేటా" అన్నాడు ముసలాయన.

"నాది రాయండి సార్" అంది హాజిరా.

శివరాజ్ పెన్ను మూత పెట్టాడు. "ముందుగాల బిడ్డను చూసొస్త" అని ఆ గడి ఖాళీగానే వదిలి జీపు దగ్గరికి పోయాడు. మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "రేపు పదింటికి వస్త. గప్పటికి ఏం రాయాల్నో నువ్వే చెప్పు మదనన్నా."

జీపు వెళ్లిపోయింది. సందులో దుమ్ము అణిగింది. హాజిరా గోడ మీది కొలత పానాను దించి, తండ్రి ఒళ్లో పెట్టి, ఆయన వేళ్లను దాని చుట్టూ మూసింది. "ఐదుకు టిక్కుమంటది అబ్బా. రేపు చూపెడ్త" అంది. ముసలాయన ఏడుస్తూ పిడి మీది అంకెలను వేలితో తడుముకున్నాడు.

మదన్‌మోహన్ పోవాలి. పోలేకపోతున్నాడు. చెప్పాల్సిన మాట ఇప్పటికీ చెప్పనేలేదు. ఈ సాయంత్రం తర్వాత చెప్పే హక్కు ఉంటుందా?

ఫోన్ మోగింది. తెర మీద ప్రణీత పేరు. రోజూ అడిగే ఒక్క ప్రశ్నే ఇవాళా అడుగుతుంది. ఈరోజు ఆయన దగ్గర జవాబు ఉంది, అది రెండడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని ఉంది.

రెండోసారి మోగింది. మూడోసారి. గడియారంలో ఐదు కావడానికి ఐదు నిమిషాలు.

హాజిరా ఆయన వైపు చూసింది. కౌంటర్ వెనక పలకతో కూర్చున్న రోజుల్లో చూసినట్టే.

"ఎత్తు మదన్" అంది. "ఈసారన్నా లేటు చెయ్యకు."

*

అనంతమ్మ
వయసు అరవై ఆరేళ్లు
పుట్టింది రాయికోడ్, ఇప్పుడు ఉండేది ఝరాసంగం